సంతకం చేసి చేతులు కట్టుకున్న దేశం

జిల్లా పేజీలు తిరగేస్తే ఈ వాక్యం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది: అనుమానితుణ్ని అదుపులోకి తీసుకున్న పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు. ఆ శైలి ఏమిటో రాసిన విలేకరికి తెలుసు, దిద్దిన డెస్కుకి తెలుసు, చదివి పేజీ తిప్పేసే మనకీ తెలుసు. అరికాళ్ల మీద లాఠీ, గంటల తరబడి గోడకుర్చీ, తొడల మీద రోకలి దొర్లించడం, కాళ్లకు తాడు కట్టి తలకిందులుగా వేలాడదీయడం. ఆ ఒక్క వార్తలో రెండు నేరాలున్నాయి. మొదటిది నిందితుడు చేశాడంటున్నది, కోర్టులో ఇంకా రుజువు కావలసినది. రెండోది స్టేషన్ గోడల మధ్య జరిగింది, చేసినవాళ్లే ప్రెస్‌మీట్‌లో తలెత్తుకుని చెప్పుకున్నది. ఆ రెండోదాని మీద ఎవరూ కేసు పెట్టరు. దాన్ని నేరంగా చూసే కన్నే మనకు పోయింది.

ఆ కన్ను పోవడానికి ప్రభుత్వాలు బాధ్యత వహించాలి. వేరువేరు పార్టీల ప్రభుత్వాలు, అన్నీనూ.

1984 డిసెంబర్ 10న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను ఆమోదించింది. 1987 జూన్ 26 నుంచి అది అమల్లో ఉంది. 1997 అక్టోబర్ 14న భారతదేశం దానిమీద సంతకం చేసింది. అప్పుడు ప్రధాని ఐ.కె. గుజ్రాల్. ఆ తర్వాత వాజ్‌పేయి వచ్చారు, మన్మోహన్ సింగ్ పదేళ్లు ఉన్నారు, మోదీ వచ్చారు. సంతకం సంతకంగానే మిగిలింది. ఒడంబడిక ఒక దేశాన్ని కట్టిపడేయాలంటే సంతకం చాలదు, ధ్రువీకరణ పత్రం సమితికి దాఖలు చేయాలి. తాంబూలాలు పుచ్చుకుని పాతికేళ్లు దాటినా ముహూర్తం పెట్టుకోని పెళ్లికొడుకు మనసులో ఏముందో ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. ఈ దేశ పాలకుల మనసులో ఏముందో కూడా అలాగే అర్థం చేసుకోవాలి. ఇన్నేళ్లు ఎవరూ మరిచిపోరు. ఇది తెలిసి తీసుకున్న నిర్ణయం. లాఠీని వదులుకోవడం ఇష్టం లేని రాజ్యం తీసుకున్న నిర్ణయం.

170కి పైగా దేశాలు ఈ ఒడంబడికను ధ్రువీకరించాయి. చైనా 1988లో, నేపాల్ 1991లో, శ్రీలంక 1994లో, బంగ్లాదేశ్ 1998లో, పాకిస్తాన్ 2010లో. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం బయట నిలబడి ఉంది.

ఇంతకీ అందులో అంత భరించలేనిది ఏముంది? ఒప్పించడానికో, శిక్షించడానికో, బెదిరించడానికో, వివక్షతోనో ప్రభుత్వోద్యోగి ఒక మనిషి శరీరానికి గానీ మనసుకు గానీ తీవ్రమైన బాధ కావాలని కలిగిస్తే అది చిత్రహింస అంటుంది మొదటి అధికరణం. అధికారి స్వయంగా కొట్టనక్కర్లేదు, చూస్తూ ఊరుకున్నా అంతే. రెండో అధికరణం ఇంకా ముందుకు వెళుతుంది. యుద్ధమైనా, యుద్ధభయమైనా, దేశంలో అల్లకల్లోలమైనా, ఏ అత్యవసర పరిస్థితి అయినా హింసకు సాకు కాదంటుంది. పైఅధికారి ఆదేశించాడన్నా చెల్లదంటుంది. మానవ హక్కుల చట్టాల్లో చాలా హక్కులకు మినహాయింపులున్నాయి. భావప్రకటనకూ ఉన్నాయి, సభలకూ ఉన్నాయి. ఈ హక్కుకు లేవు. నాగరికత ఇక్కడ గీత గీసింది, దీనికి అవతల ఏ రాజ్యానికీ పని లేదని తేల్చింది. మన రాజ్యం ఆ గీత దగ్గరే ఆగిపోయింది.

2017 మే నెలలో జెనీవాలో మానవ హక్కుల మండలి మన దేశ రికార్డును సమీక్షించింది. ధ్రువీకరణ ఎప్పుడని ఎన్నో దేశాలు అడిగాయి. అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ లేచి, చిత్రహింస అనే భావనే మా సంస్కృతికి పూర్తిగా పరాయిదని చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ మాటకు ఎనిమిది నెలల ముందు ఇదే దేశం ఆస్కార్ పోటీకి తన అధికారిక ఎంట్రీగా ‘విసారణై’ అనే తమిళ సినిమాను పంపింది. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ రాసిన ‘లాకప్’ నవల దానికి మూలం. పని వెతుక్కుంటూ వచ్చిన ఆయన్ని 1980లలో పోలీసులు పట్టుకుని, చేయని నేరం ఒప్పుకోమని రోజుల తరబడి హింసించిన ఊరు మన గుంటూరు. ఆ బాధను తెరకెక్కించిన సినిమా వెనిస్ దాకా వెళ్లి బహుమతి తెచ్చుకుంది. జాతీయ అవార్డులు కూడా ఇచ్చాం. తర్వాత జెనీవా వెళ్లి అలాంటిది మా ఇంటావంటా లేదన్నాం.

పరాయిదట! కవిసార్వభౌముడు శ్రీనాథుణ్ని శిస్తు బకాయి కోసం నగరి వాకిట ఎండలో నిలబెట్టి భుజాన నల్లగుండు ఎత్తించారని చాటువుగా తరతరాలుగా చెప్పుకుంటున్నది తెలుగువాళ్లమే. గోల్కొండ వెళ్లిన ప్రతివాడికీ రామదాసు బందిఖానా చూపిస్తారు. ఖజానా సొమ్ము కోసం కంచర్ల గోపన్నను కొట్టారు. ఆ దెబ్బలకు తాళలేక రాముణ్ని నిలదీసిన కీర్తనలు మన ఇళ్లలో ఇప్పటికీ పాడుకుంటున్నారు. ఇక 1855లో అయితే సాక్షాత్తూ ప్రభుత్వమే విచారణ జరిపించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ రైతుల్ని హింసిస్తున్నారని బ్రిటిష్ పార్లమెంటులో గొడవైతే ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. వందలమంది కాలినడకన వచ్చి తమ ఒంటిమీది మచ్చలు చూపించారు. రెండు చెక్కల మధ్య వేళ్లూ చెవులూ పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి తాడుతో కట్టి ఎండలో పడేయడం, కళ్లలో కారం కొట్టడం ఆ నివేదికలో వరసగా ఉన్నాయి. నెల్లూరు, కడప, గుంటూరు అప్పుడా ప్రెసిడెన్సీలోవే. తెల్లదొరల కోసం వసూలు చేసింది నల్ల ఉద్యోగులు, దెబ్బలు తిన్నది నల్ల రైతులు, ఆదాయం కంపెనీది. ఈ ఏర్పాటును స్వతంత్ర భారతం కూల్చలేదు, యూనిఫాం మార్చి వాడుకుంది.

రోహత్గీగారి మాటను ఖండించడానికి అంత చరిత్ర కూడా అక్కర్లేదు. మన సాక్ష్య చట్టం చాలు. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 నుంచీ ఆ చట్టం చెబుతూ వచ్చింది. కొత్తగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్లో కూడా అదే ఉంది. ఎందుకు చెల్లదు? కొట్టి ఒప్పిస్తారని చట్టానికి తెలుసు కనుక. ఒకటిన్నర శతాబ్దంగా తన పోలీసును తన చట్టమే నమ్మని దేశం, హింస మాకు తెలియదని ప్రపంచం ముందు చెప్పడం అబద్ధం. మర్యాదకైనా దానికి ఇంకో పేరు పెట్టను.

ఉన్న చట్టాలు చాలవా అనేది ప్రభుత్వం ఎప్పుడూ చేసే రెండో వాదన. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే శిక్ష ఉంది, పాత శిక్షాస్మృతిలో 330, 331 సెక్షన్లు, ఇప్పుడు న్యాయ సంహితలో 120. నిజమే, పుస్తకంలో ఉన్నాయి. 2001 నుంచి 2020 వరకు పోలీసు కస్టడీలో 1,888 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ ఇరవై ఏళ్లలో శిక్ష పడిన పోలీసులు 26 మంది. 2017 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు అయిదేళ్లలో 669 లాకప్ మరణాలని కేంద్ర హోంశాఖే పార్లమెంటుకు చెప్పింది. ఇవి చచ్చిపోయినవాళ్ల లెక్కలు. కుంటుకుంటూ ఇంటికొచ్చినవాళ్లను, చెవి వినపడకుండా పోయినవాళ్లను, రాత్రి జీపు చప్పుడైతే లేచి కూర్చునేవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉన్న చట్టాలు మనచోట ఎలా పనిచేశాయో చూద్దాం. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. అక్కడ అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు, గాలింపుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. చెప్పిన రోజు నుంచి తీర్పు దాకా పదహారేళ్లు వాళ్లు ఒకే మాట మీద నిలబడ్డారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు 13 మంది పోలీసులనూ విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని అదే తీర్పులో తప్పుపట్టింది, స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పోలీసులపై ఫిర్యాదును పోలీసులే దర్యాప్తు చేస్తే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఒడంబడికలో 12వ అధికరణం సరిగ్గా దీని గురించే: ఫిర్యాదు వచ్చినా రాకపోయినా, హింస జరిగిందని నమ్మే ఆధారముంటే వెంటనే నిష్పక్షపాతమైన విచారణ జరపాలి. అది మన దేశాన్ని బంధించి ఉంటే ఆ పదహారేళ్లకు జెనీవాలో జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

పేదలకే ఇలా జరుగుతుందని అనుకునేవాళ్లు 2021 మే నెలను గుర్తుచేసుకోవాలి. నరసాపురం ఎంపీగా ఉన్న రఘురామకృష్ణరాజు తనను సీఐడీ కస్టడీలో కొట్టారని ఆరోపించారు. పాదాలకైన గాయాల్ని పరీక్షించడానికి సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆయన్ని సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రికి పంపవలసి వచ్చింది. అంతదూరం వెళ్లగల లాయర్లూ పలుకుబడీ ఉన్న మనిషి గనుక పరీక్షయినా జరిగింది. రాళ్లు కొట్టే వడ్డెరకూ, పాత నేరస్తుడని ముద్రపడ్డ ఎరుకలకూ ఏ ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది?

లా కమిషన్ 1985లోనే ఒక మందు చెప్పింది. కస్టడీలో ఉన్న మనిషి ఒంటిమీద గాయముంటే, అది చేసింది ఆ కస్టడీ అధికారేనని కోర్టు ప్రాథమికంగా భావించవచ్చని సాక్ష్య చట్టంలో చేర్చమంది. లాకప్‌లో జరిగినదానికి సాక్షులు ఇంకెవరుంటారు, కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ తప్ప? 2017లో 273వ నివేదికలో మళ్లీ అదే చెప్పింది, ముసాయిదా బిల్లు కూడా రాసిచ్చింది. మూడు నేర చట్టాల్నీ తిరగరాసి, 2024 జూలై 1 నుంచి అమల్లో పెట్టి, వలస పాలన ఆనవాళ్లు తుడిచేశామని గొప్పగా ప్రకటించుకున్నారు. లా కమిషన్ రాసిచ్చింది అందులో లేదు. పైగా పోలీసు కస్టడీకి ఇచ్చే పదిహేను రోజుల్ని మొదటి నలభై, అరవై రోజుల్లో విడతలుగా వాడుకునే వీలు కల్పించారు. పాత పద్ధతిలో మొదటి పదిహేను రోజులు గడిస్తే నిందితుడు ఊపిరి పీల్చుకునేవాడు. ఇప్పుడు జైల్లో ఉన్నా మళ్లీ స్టేషన్‌కు తెస్తారేమోనని వారాల తరబడి భయపడాలి. వలసవాదం పోయిందనేవాళ్లు ఈ మార్పు ఎవరి మేలు కోరి చేశారో చెప్పాలి.

2010 మే 6న హింస నిరోధక బిల్లును లోక్‌సభ ఆమోదించింది. అది ఎంత నాసిరకం బిల్లంటే, తీవ్ర గాయమైతేనో, ప్రాణానికో అవయవానికో ఆరోగ్యానికో ముప్పు వస్తేనో తప్ప హింస కాదంది. ఆరు నెలల్లో ఫిర్యాదు చేయకపోతే చెల్లదంది. పోలీసుపై కేసుకు ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలంది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ అశ్వనీ కుమార్ అధ్యక్షతన దాన్ని బాగుచేసి ఇచ్చింది. బాగైన బిల్లును ఎవరూ ముట్టుకోలేదు, మురిగిపోయింది. ఆ అశ్వనీ కుమారే సుప్రీంకోర్టుకెళితే, చట్టం చేయమని పార్లమెంటును మేం ఆదేశించలేమని 2019 సెప్టెంబర్లో కోర్టు తప్పుకుంది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులకు చట్టం లేనప్పుడు అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకుని 1997లో విశాఖా మార్గదర్శకాలిచ్చింది ఈ కోర్టే. ఆ ధైర్యం ఇక్కడ కావలసింది.

పోలీసు రాష్ట్రాల సబ్జెక్టు, రాష్ట్రాల అభిప్రాయం తీసుకోవాలి అంటారు. రాజ్యాంగం 253వ అధికరణం చదవనివాళ్లకు చెప్పాల్సిన మాట అది. అంతర్జాతీయ ఒడంబడికను అమలు చేయడానికి దేశమంతటికీ వర్తించే చట్టం ఏ విషయంపైనైనా పార్లమెంటు చేయవచ్చు. జీఎస్టీకి రాష్ట్రాల్ని ఒప్పించగలిగినవాళ్లకు ఇది కష్టమా? సార్వభౌమత్వానికి భంగమంటారు. అదీ ఉత్తిదే. ఒడంబడికలో వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే 22వ అధికరణం మనం విడిగా ఒప్పుకుంటేనే వర్తిస్తుంది. ఒడంబడిక అమలును చూసే కమిటీ స్వయంగా విచారణకొచ్చే 20వ అధికరణం వద్దని ధ్రువీకరణ సమయంలోనే చెప్పుకోవచ్చు, చైనా అలాగే చెప్పుకుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది, నాలుగేళ్లకోసారి పదిమంది నిపుణుల కమిటీ ముందు కూర్చుని మా లాకప్పుల్లో ఇంతమంది చనిపోయారు, ఇంతమందికి శిక్షపడింది అని లెక్క అప్పజెప్పడం. ఆ లెక్కకే భయపడుతున్నారు.

ఈ భయం వల్ల దేశానికే నష్టం జరుగుతోంది. 1995 డిసెంబర్లో పురూలియా మీద విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడు కిమ్ డేవీని అప్పగించమని మనం అడుగుతూనే ఉన్నాం. హింసించే ప్రమాదముందని 2011లో డెన్మార్క్ హైకోర్టు నిరాకరించింది, 2024లో అక్కడి కోర్టు మళ్లీ కాదంది. 2025 ఫిబ్రవరిలో ఆయుధాల దళారి సంజయ్ భండారీ విషయంలో లండన్ హైకోర్టు తీహార్ జైల్లో హింస జరిగే ప్రమాదాన్ని ప్రస్తావించి అప్పగింతను కొట్టేసింది. విజయ్ మాల్యా కేసులో మన ప్రభుత్వం ముంబై ఆర్థర్ రోడ్ జైల్లోని 12వ నంబర్ బ్యారక్ వీడియో తీయించి బ్రిటిష్ జడ్జికి చూపించింది, ఆయనకు ఏ కష్టమూ కలగనివ్వమని మాటిచ్చింది. వేల కోట్లు ఎగ్గొట్టి విమానమెక్కినవాడికి దొరికిన ఆ హామీ, కోడి దొంగతనం అనుమానంతో పట్టుకొచ్చిన కూలివాడికి ఎందుకు దొరకదు? విదేశీ న్యాయమూర్తి అడిగితే ఇచ్చే భరోసాను సొంత పౌరుడికి ఇవ్వడానికి ఈ రాజ్యానికి నోరు రావడం లేదు.

ధ్రువీకరించిన దేశాల్లో మాత్రం కొట్టడం లేదా అని అడుగుతారు. కొడుతున్నారు. అమెరికా 1994లో ధ్రువీకరించింది, పదేళ్లకే అబూ ఘ్రైబ్ ఫొటోలు ప్రపంచం చూసింది. ఈ ప్రశ్నకు నా జవాబు అగస్టో పినోచె. చిలీలో వేలమందిని చిత్రహింసల పాలు చేసిన ఈ నియంత, పేరు కోసం 1988లో తన ప్రభుత్వంతోనే ఒడంబడికను ధ్రువీకరింపజేశాడు. పదేళ్ల తర్వాత, 1998 అక్టోబర్ 16న, వైద్యానికని లండన్ వచ్చిన ముసలి జనరల్‌ను స్పెయిన్ జడ్జి వారంటు మీద బ్రిటిష్ పోలీసులు అరెస్టు చేశారు. మాజీ దేశాధినేతకు రక్షణ ఉంటుందన్న వాదన ప్రభువుల సభలో చెల్లలేదు. చిలీ, స్పెయిన్, బ్రిటన్ మూడూ కట్టుబడిన ఆ ఒడంబడికే కారణం. అయితే బ్రిటన్ ధ్రువీకరించిన తేదీకి ముందు జరిగినవాటిని న్యాయమూర్తులు పక్కన పెట్టారు. ఆ తేదీకి ముందు హింసకు గురైనవాళ్లకు ఆ కోర్టులో న్యాయం లేకుండా పోయింది. చివరికి అనారోగ్యమని 2000లో అతణ్ని ఇంటికి పంపేశారు, ఆ సంగతీ దాచను. కానీ ఏడాదిన్నరపాటు ఒక నియంత తన ధ్రువీకరణకు తానే బందీ అయ్యాడు. బంగ్లాదేశ్ ఒడంబడికను అనుసరించి 2013లో చట్టం చేసింది, 2020 సెప్టెంబర్లో ఢాకా కోర్టు దాని కింద ఒక కస్టడీ మరణానికి ముగ్గురు పోలీసులకు యావజ్జీవ శిక్ష వేసింది. కాగితానికి దంతాలు మొలవడానికి కాలం పడుతుంది. మొలిచే కాగితమంటూ ఒకటి ముందు ఉండాలి.

ఇక మన సంగతి. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి వంతెన మీద పోలీసులపై జనం పూలు చల్లారు. అంతకుముందు ఒక యువతిపై జరిగిన ఘోరానికి రగిలిన కడుపుమంట అది, ఆ మంటను నేను చిన్నచూపు చూడను. కానీ ఆ పూలు పడింది విచారణ లేకుండా నలుగురు నిందితుల్ని కాల్చిన చేతుల మీద. అప్పటికి ఆ నలుగురూ పోలీసు కస్టడీలో ఉన్నారు. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు ఏ కూడలిలోనూ అలికిడి లేదు. ఆ మౌనాన్ని పాలకులు బాగా చదువుకున్నారు. ప్రజలే అడగనప్పుడు ధ్రువీకరణ దేనికని వాళ్ల ధీమా.

ఈ నేల మీద అడిగినవాళ్లు లేకపోలేదు. కె.జి. కన్నబిరాన్ నల్లకోటుతో కోర్టుల్లో అడిగారు. గణితం పాఠాలు చెప్పిన బాలగోపాల్ పల్లె పల్లె తిరిగి, స్టేషన్ గుమ్మంలో నిలబడి అడిగారు. పిల్లల డాక్టర్ రామనాథాన్ని 1985లో వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే చంపేశారు, హక్కులడిగినందుకు. నక్సలైట్లకు వంతపాడుతున్నారని వాళ్లను దూరం పెట్టిన మధ్యతరగతి, వాళ్లు కాపాడింది తన బిడ్డ అరికాళ్లను కూడా అని ఇప్పటికీ గుర్తించలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది కూర్చుంటున్నారు. పార్టీ ఏదైనా వీళ్లలో ఒక్కరికి చాలు, వచ్చే సమావేశాల్లో లా కమిషన్ ముసాయిదాను ప్రైవేటు బిల్లుగా పెట్టడానికి. మరొకరు ధ్రువీకరణ పత్రం ఏ తేదీన దాఖలు చేస్తారో విదేశాంగ మంత్రిని ప్రశ్నోత్తరాల సమయంలో అడగాలి. పరిశీలనలో ఉందనే పాత జవాబు వస్తే అనుబంధ ప్రశ్న వేసి, తేదీ వచ్చేదాకా కూర్చోకూడదు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు మీరూ ఆ తేదీయే అడగండి. పత్రికల్లో పనిచేసే మిత్రులు ‘తమదైన శైలిలో’ అనే ముక్కను రేపటి పేజీలోంచి కొట్టేసి, దాని స్థానంలో ఏ రోజు తీసుకెళ్లారు, ఎన్ని గంటలు ఉంచారు, మెజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు ఒంటిమీద ఏమున్నాయి అన్నవి రాయాలి.